బోరు నీటిలోని ఫ్లోరైడ్: పరమాణువు, బంధం, ఇంటి ప్రయోగాలు

ఫ్లోరిన్ అనే మూలకపు పరమాణువు ఒక ఎలక్ట్రానును అదనంగా గ్రహించినప్పుడు ఏర్పడే ఋణావేశ కణమే ఫ్లోరైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు, తాగునీటిలో ఉండే మోతాదులో రుచి కూడా తెలియదు. కర్ణాటకలోని కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలు, తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా, తమిళనాడులోని కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలు, మహారాష్ట్రలోని చంద్రపూర్, యవత్మాళ్ జిల్లాలు, వీటికి ఇవతల అనంతపురం సీమ, నల్లగొండ ప్రాంతం ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాలుగా చిరకాలంగా పేరుపడ్డాయి. తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న సరిహద్దు గ్రామాలు వీటిలో ఎన్నో ఉన్నాయి. పిల్లల గారపళ్లు, నడివయసులోనే పట్టేసే మోకాళ్లు, వంగని మెడలు ఈ నీటి గుర్తులు.

నీళ్లు కాచి చల్లార్చి తాగితే ఏ దోషమూ అంటదన్న నమ్మకం ఈ గ్రామాలలో బలంగా ఉంది. సూక్ష్మక్రిముల విషయంలో అది నిజమే. ఫ్లోరైడ్ విషయంలో మాత్రం కాదు. ఎంత మరిగించినా అది నీటిని విడిచిపోదు. కారణం తెలియాలంటే పరమాణువు నుంచి ప్రారంభించవలసి ఉంటుంది. ఉన్నత పాఠశాల రసాయన శాస్త్ర పాఠాలలో ఉన్న విషయాలే ఇందుకు చాలు.

పరమాణువా, అణువా?

మొదట ఒక మాటల చిక్కును తొలగించుకోవాలి. తెలుగు పాఠ్యపుస్తకాలలో మూలకపు అతి సూక్ష్మ కణాన్ని పరమాణువు అని, రెండు లేక అంతకన్నా ఎక్కువ పరమాణువులు కలిసి ఏర్పడిన కణాన్ని అణువు అని అంటారు. కన్నడంలోను, ఒడియాలోను ఇదే పద్ధతి. పరమాణు, అణు అన్న మాటలే వాడతారు. మరాఠీలో అలా కాదు. అక్కడ 'అణూ' అంటే మన పరమాణువు. మన అణువును వారు 'రేణూ' అంటారు. తమిళంలోనూ 'అణు' అంటే పరమాణువే. అణువుకు వారి మాట 'మూలక్కూఱు'. ఇంట్లో తెలుగు చదువుకొని బడిలో తమిళమో మరాఠీయో చదివే విద్యార్థి 'నీటి అణువు' అన్న మాట దగ్గర తడబడితే అది అతని తెలివికి సంబంధించిన లోపం కాదు, ఒకే మాటకు రెండు పుస్తకాలు చెప్పే రెండు అర్థాల లోపం. ఈ వ్యాసంలో తెలుగు పుస్తకాల అర్థమే గ్రహించాలి.

పరమాణువు లోపల

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది. దీనిని 1911లో రూథర్‌ఫర్డ్ ప్రతిపాదించాడు. కేంద్రకంలో ధనావేశం గల ప్రోటాన్లు, ఆవేశం లేని న్యూట్రాన్లు ఉంటాయి. దాని చుట్టూ ఋణావేశం గల ఎలక్ట్రాన్లు కర్పరాలు అనే పొరలలో ఉంటాయి. ఈ పొరల నమూనాను 1913లో బోర్ అందించాడు. తరువాతి శాస్త్రం ఎలక్ట్రాన్ల నడకను మరింత సూక్ష్మంగా వివరించినా, ఉప్పు, సున్నం, నీరు వంటి వాటిని అర్థం చేసుకోవడానికి బోర్ చిత్రం నేటికీ చాలు.

ప్రోటాన్ల సంఖ్యే మూలకానికి గుర్తింపు. హైడ్రోజన్‌కు 1, ఆక్సిజన్‌కు 8, ఫ్లోరిన్‌కు 9, సోడియంకు 11, క్లోరిన్‌కు 17, కాల్షియంకు 20. మామూలు పరమాణువులో ఎన్ని ప్రోటాన్లో అన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయి కనుక మొత్తం మీద ఆవేశం ఉండదు.

మొదటి కర్పరంలో 2 ఎలక్ట్రాన్లకే చోటు. తరువాతి కర్పరం 8తో నిండుతుంది. ఆ ప్రకారం ఫ్లోరిన్‌లోని 9 ఎలక్ట్రాన్ల అమరిక 2, 7. బయటి పొర నిండడానికి ఇంకొక్కటి తక్కువ. సోడియం అమరిక 2, 8, 1. దానికి బయట ఒకటి ఎక్కువ. కాల్షియం అమరిక 2, 8, 8, 2. దానికి రెండు ఎక్కువ. బయటి పొర నిండుగా ఉన్న స్థితి స్థిరమైనది. రసాయన చర్యలలో ఎక్కువ భాగం ఆ స్థితిని చేరుకొనే ప్రయత్నాలే.

ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కొనే గుణంలో ఫ్లోరిన్‌ను మించిన మూలకం లేదు. పరమాణువు చిన్నది కావడం, బయటి పొర కేంద్రకానికి దగ్గరగా ఉండడం దీనికి కారణాలు. ఈ గుణం వల్లనే ఫ్లోరిన్‌ను దాని సమ్మేళనాల నుంచి విడదీయడం ఎంతో కాలం ఎవరికీ సాధ్యం కాలేదు. 1886లో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త హెన్రీ మోయిసాన్ ఆ పని సాధించాడు; 1906లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. విడిగా ఉన్న ఫ్లోరిన్ లేత పసుపు రంగు విషవాయువు. బోరు నీటిలో ఉండేది ఆ వాయువు కాదు. అది ఇదివరకే ఒక ఎలక్ట్రానును సంపాదించుకొని, 9 ప్రోటాన్లు 10 ఎలక్ట్రాన్లతో స్థిరపడిన ఫ్లోరైడ్ అయాను.

రెండు రకాల బంధాలు

సోడియం తన బయటి ఎలక్ట్రానును క్లోరిన్‌కు ఇచ్చివేసినప్పుడు సోడియం ధన అయానుగా, క్లోరిన్ ఋణ అయానుగా మారతాయి. విరుద్ధ ఆవేశాలు ఆకర్షించుకొని స్ఫటికంగా పేర్చుకుంటాయి. అదే వంటింటి ఉప్పు. ఇటువంటి బంధాన్ని అయానిక బంధం అంటారు. ఈ ఆకర్షణ చాలా బలమైనది. ఉప్పు కరిగి ద్రవం కావడానికి దాదాపు 800 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆవిరి కావడానికి అంతకన్నా ఎంతో ఎక్కువ కావాలి.

నీటి సంగతి వేరు. ఆక్సిజన్‌కు బయటి పొరలో 6 ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్‌కు 1. ఇక్కడ ఇవ్వడం, పుచ్చుకోవడం జరగదు. ఒక ఆక్సిజన్ పరమాణువు, రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను ఉమ్మడిగా పంచుకుంటాయి. ఇది సమయోజనీయ బంధం. అయితే ఉమ్మడి సొత్తులో ఆక్సిజన్ వాటా కొంత ఎక్కువ. అందువల్ల నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొద్దిగా ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొద్దిగా ధనావేశం ఏర్పడతాయి. ఇటువంటి అణువును ధ్రువ అణువు అంటారు.

దీనిని కంటితో చూడవచ్చు. కుళాయిని దారమంత సన్నని ధార వచ్చేలా తిప్పాలి. పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో బాగా దువ్వి, ఆ దువ్వెనను ధారకు తాకకుండా దగ్గరగా పట్టుకోవాలి. ధార దువ్వెన వైపు వంగుతుంది. గాలిలో తేమ తక్కువగా ఉన్న రోజున ఈ ప్రయోగం బాగా వస్తుంది. ముసురు రోజులలో చేసి రాలేదని నిరాశ పడనక్కరలేదు.

ఉప్పును నీటిలో వేసినప్పుడు ఈ ధ్రువ అణువులే స్ఫటికంలోని అయాన్లను ఒక్కొక్కటిగా చుట్టుముట్టి విడదీస్తాయి. ఉప్పు కనిపించకుండా పోయినా అయాన్లు నీటిలోనే ఉంటాయి. ఫ్లోరైడ్ కూడా సరిగ్గా ఇలాగే, నీటి అణువుల నడుమ అయానుగా ఉంటుంది.

మరిగిస్తే ఏమవుతుంది?

ఫ్లోరైడ్‌ను రుచి చూసి తెలుసుకోలేము కనుక ఉప్పుతో ప్రయోగం చేయాలి. రెండు గ్లాసుల శుభ్రమైన నీటిలో ఒక చెంచా ఉప్పు కలిపి, అందులో కొద్దిగా వేరే గిన్నెలోకి తీసి ఉంచాలి. మిగిలినదాన్ని మూత లేకుండా సగం అయ్యేవరకు మరిగించాలి. మరిగేటప్పుడు ఒక చల్లని స్టీలు పళ్లేన్ని పట్కారుతో ఆవిరికి అడ్డుపెడితే దాని అడుగున నీటి బొట్లు చేరతాయి. ఈ పని పెద్దలు చేయడం మంచిది. ఆవిరి వేడి నీటికన్నా ఎక్కువగా కాలుస్తుంది. చల్లారిన తరువాత మూడింటినీ రుచి చూస్తే సంగతి తేలిపోతుంది. పళ్లెం మీది బొట్లలో ఉప్పదనం లేదు. గిన్నెలో మిగిలిన నీరు ముందు తీసి ఉంచిన నీటికన్నా ఎక్కువ ఉప్పగా ఉంటుంది. 100 డిగ్రీల దగ్గర నీటి అణువులు ఎగిరిపోతాయి, అయాన్లు మిగిలిపోతాయి.

ఇదే లెక్క ఫ్లోరైడ్‌కు వర్తిస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీరు 4 లీటర్లు తీసుకుంటే మొత్తం 8 మిల్లీగ్రాములు. మూత లేకుండా మరిగించి 3 లీటర్లకు తెస్తే ఆ 8 మిల్లీగ్రాములు అందులోనే ఉంటాయి; అంటే లీటరుకు దాదాపు 2.7 మిల్లీగ్రాములు. దోషం తగ్గకపోగా పెరిగింది. పైగా కఠిన జలాన్ని మరిగించినప్పుడు కాల్షియం కొంత తెల్లని పెచ్చుగా గిన్నె అడుగున పేరుకుపోతుంది. ఫ్లోరైడ్‌ను పట్టుకోగల కాల్షియం పోయి ఫ్లోరైడ్ మాత్రం మిగులుతుందన్న మాట. క్రిముల భయం ఉన్నచోట నీరు కాచుకోవలసిందే, మూత పెట్టి కాచుకోవాలి. కాని అది ఫ్లోరైడ్‌కు వైద్యం కాదు.

రాతి నుంచి నీటిలోకి

ఈ ప్రాంతాల భూమి అడుగున ఎక్కువగా ఉన్నవి గ్రానైటు, నైసు వంటి గట్టి రాళ్లు. వాటిలోని ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకం వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో నీరు ఎంత ఎక్కువ కాలం నిలిచి ఉంటే అంత ఎక్కువగా అది కరుగుతుంది. చెరువులు, దిగుడు బావులు ఆధారంగా ఉన్న కాలంలో తాగిన నీరు కొత్త వాన నీరు. వందల అడుగుల లోతు బోర్లతో పైకి వచ్చేది చిరకాలం రాతితో కాపురం చేసిన నీరు.

ఇక్కడ ఒక మోసం ఉంది. ఫ్లోరైటు అంటే కాల్షియం ఫ్లోరైడే. నీటిలో ఇదివరకే కాల్షియం అధికంగా ఉంటే ఫ్లోరైటు అంతగా కరగదు. సోడియం, బైకార్బనేటు ఎక్కువగా ఉండి కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో బాగా కరుగుతుంది. కాల్షియం తక్కువైన నీటిలో సబ్బు చక్కగా నురుగు వస్తుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. అందువల్ల 'మా బోరు నీళ్లు మెత్తన, మంచివి' అనిపించుకొన్న నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. సబ్బు నురుగు కఠినత్వాన్ని మాత్రమే చెబుతుంది, ఫ్లోరైడ్ సంగతి చెప్పదు.

పంటిలో, ఎముకలో

1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గురించి వివరంగా ప్రచురించారు. భారతదేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర ఆ తెలుగు గ్రామాలతోనే మొదలవుతుంది.

పళ్లు, ఎముకలు ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేటు, హైడ్రాక్సైడ్ అయాన్లతో కట్టిన ఖనిజం. ఫ్లోరైడ్ అయాను పరిమాణంలో హైడ్రాక్సైడ్ అయానుకు దగ్గరగా ఉంటుంది, ఆవేశమూ ఒకటే. అందుచేత హైడ్రాక్సైడ్ ఉండవలసిన స్థానంలోకి అది సులువుగా ప్రవేశిస్తుంది. స్వల్ప మోతాదులో ఈ మార్పిడి పంటి పింగాణీకి బలమే. టూత్‌పేస్టులలో ఫ్లోరైడ్ కలపడం ఇందుకే. మోతాదు మించినప్పుడు పింగాణీ ఏర్పడే క్రమమే చెడుతుంది. శాశ్వత దంతాల పింగాణీ చిగుళ్ల లోపల తయారయ్యే కాలం పుట్టుక నుంచి సుమారు 8 ఏళ్ల వరకు. పంటి మచ్చలకు బీజం పడేది ఆ వయసులోనే. ఒకసారి ఏర్పడిన తరువాత నీరు మార్చినా అవి పోవు. కనుక ఇంట్లో మంచి నీరు కొద్దిగానే ఉంటే అది ముందుగా చెందవలసింది పసిపిల్లలకు, గర్భిణులకు.

ఎముకల వ్యాధి చాలా సంవత్సరాలు తాగిన మీదట బయటపడుతుంది. కీళ్లు బిగుసుకోవడం, వెన్ను వంగడం దాని లక్షణాలు. ఆహారంలో కాల్షియం, విటమిన్ సి తగినంత ఉన్నవారికి హాని కొంత తగ్గుతుంది. పాలు, పెరుగు, రాగులు, మునగాకు, ఉసిరి ఈ ప్రాంతాలలో దొరికేవే.

భారత ప్రమాణాల సంస్థ 2012 ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి కూడా 1.5.

సున్నంతో ఎందుకు చాలదు?

కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుందంటే నీటిలో సున్నం వేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. ఒక అయాను మరొక అయానును పట్టుకొని నీటి నుంచి విడిపోవడాన్ని అవక్షేపణ అంటారు. దానిని సున్నంతోనే చూడవచ్చు. తాంబూలపు సున్నం వేరుశనగ గింజంత తీసుకొని గ్లాసు నీటిలో కలిపి, మూతపెట్టి రాత్రంతా కదల్చకుండా ఉంచాలి. తెల్లవారి పైన తేరిన నీరే సున్నపుతేట. అందులో స్ట్రాతో మెల్లగా గాలి ఊదితే పాలవలె తెల్లబడుతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కార్బనేటు అయానుగా మారి, కాల్షియంతో కలిసి కరగని పదార్థం అవుతుంది. స్ట్రాతో పీల్చకూడదు, సున్నం కంట పడకుండా చూసుకోవాలి. నీళ్లు పోస్తే పొంగే పొడిసున్నంతో పిల్లలు ఈ ప్రయోగం చేయరాదు.

అదే తేట ఒక చుక్కను పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద వేస్తే ఎర్రబడుతుంది. పెళ్లిళ్లలో హారతికి పట్టే ఎర్రనీళ్ల రహస్యం ఇదే. క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. ఇది క్షారానికి పరీక్ష మాత్రమే, ఫ్లోరైడ్‌కు కాదు.

ఇక సున్నం చాలకపోవడానికి కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. కాల్షియం ఫ్లోరైడ్ 'కరగనిది' అంటాము గాని, లీటరు స్వచ్ఛమైన నీటిలో దాదాపు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది. కాల్షియం పరమాణు భారం 40, రెండు ఫ్లోరిన్లది 38. అంటే అందులో సుమారు సగం, దాదాపు 8 మిల్లీగ్రాములు, ఫ్లోరైడే. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీటిలో అవక్షేపం ఏర్పడవలసిన అవసరమే రాదు. కాల్షియం బాగా ఎక్కువైతే ఆ హద్దు కొంత దిగుతుంది గాని, తాగదగిన నీటిలో అది 1 దగ్గరకు రావడం కష్టం.

పటిక చేసే పని

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970ల దశకంలో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా తిప్పి, ఒక గంట తేరనిచ్చి పైనీటిని వడకడతారు. పటికను కన్నడంలో పటిక, స్ఫటిక అని, తమిళంలో పడికారం అని, మరాఠీలో తురటీ అని అంటారు.

పటికలోని అల్యూమినియం నీటిలో హైడ్రాక్సైడ్‌తో కలిసి దూదిపింజల వంటి ముద్దలుగా మారుతుంది. ఫ్లోరైడ్ ఆ ముద్దలలోని హైడ్రాక్సైడ్ స్థానాన్ని ఆక్రమించి వాటితోపాటు అడుగుకు చేరుతుంది. పంటిలో జరిగిన మార్పిడే ఇక్కడ కూడా జరుగుతున్నది. అక్కడ అది హాని, ఇక్కడ మేలు.

పింజలు ఏర్పడడం చూడాలంటే రెండు గ్లాసులలో బురద నీరు తీసుకొని, ఒకదానిలో పటిక ముక్కను పది పదిహేను సార్లు తిప్పి తీసివేసి, అరగంట తరువాత రెండింటినీ పోల్చాలి. అయితే బురద తేరినంత మాత్రాన ఫ్లోరైడ్ పోయిందనుకోరాదు. చిల్లగింజ అరగదీసి నీరు తేర్చుకొనే పాత పద్ధతి కూడా మట్టికే పనిచేస్తుంది. ఫ్లోరైడ్‌కు లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల పటిక కావాలి; ఎంతన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్, క్షారత్వాలను కొలిచి నిర్ణయించాలి. చేతి అందాజుతో వేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోవచ్చు, లేదా అల్యూమినియం నీటిలో చేరవచ్చు. పరీక్ష లేకుండా ఇంట్లో ఈ పద్ధతిని తాగునీటికి వాడకూడదు.

ఆర్.ఓ. యంత్రాల పొర ఫ్లోరైడ్‌ను చాలావరకు ఆపుతుంది. అది వదిలే వ్యర్థ జలంలో మాత్రం ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది. దానిని పశువుల తొట్టిలోకి మళ్లించడం పొరపాటు. పశువులకు కూడా ఫ్లోరోసిస్ వస్తుంది. మరొక సంగతి: తాగడానికి మాత్రం క్యాను నీరు తెచ్చుకొని అన్నం, పప్పు, టీ బోరు నీటితో కాచుకొనే ఇళ్లు చాలా ఉన్నాయి. బియ్యం పీల్చుకొన్న నీటితో ఫ్లోరైడ్ కూడా కంచంలోకి వస్తుంది. శుభ్రమైన కప్పు మీద పట్టిన వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు; క్రిములు చేరకుండా నిల్వ చేసుకోగలిగితే వంటకు అది మేలైనది.

పరీక్ష

ఫ్లోరైడ్‌ను కనిపెట్టే పరీక్ష కూడా బంధాల మీదనే ఆధారపడింది. జిర్కోనియం అనే లోహాన్ని ఒక ఎర్రని రంగు పదార్థంతో కలిపి ద్రావణం తయారు చేస్తారు. నీటిలో ఫ్లోరైడ్ ఉంటే అది జిర్కోనియంను రంగు పదార్థం నుంచి లాక్కుంటుంది, రంగు వెలుస్తుంది. ఎంత వెలిసిందో పట్టికతో పోల్చి మోతాదు అంచనా వేస్తారు. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలలో ఐదుగురు మహిళలకు ఇటువంటి క్షేత్ర పరీక్ష పెట్టెలతో నీరు పరీక్షించడంలో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. పెట్టెలో అనుమానం కలిగితే జిల్లా నీటి పరీక్ష ప్రయోగశాలకు నమూనా పంపాలి.

నమూనాను గాజు సీసాలో కాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తీసుకోవాలి. బోరు కొంతసేపు ఆడిన తరువాత, ఆ నీటితోనే సీసాను రెండు మూడు సార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించాలి. సీసాపై గ్రామం పేరు, బోరు ఉన్న చోటు, తేదీ రాయాలి. ఒకే ఊరిలో పక్కపక్క బోర్లలో కూడా ఫ్లోరైడ్ వేరువేరుగా ఉంటుంది కనుక ఒక బోరు ఫలితాన్ని మరొక బోరుకు వర్తింపజేయరాదు. ప్రతి బోరునూ ఎండాకాలంలో ఒకసారి, వానలు పడిన తరువాత ఒకసారి పరీక్షించాలి.